మూసిన రోజు పిలవండి

మా సార్ పోయారన్న వార్త నాకు మధ్యాహ్నం మూడు దాటాక తెలిసింది. అద్దంకిలో ఒక పురుగుమందుల షాపులో బిల్లులు రాసేదాన్ని. కౌంటరు ముందు ఇద్దరు రైతులు మిరపకి పట్టిన నల్లతామర పురుగు ఏ మందుకి చస్తుందో చెప్పమని మా ఓనరుతో గొడవ పడుతున్నారు. అప్పుడు ఫోను మోగింది. మస్తాన్. డిగ్రీలో నా క్లాస్‌మేట్, ఇప్పుడు ఒంగోల్లో ఆటో నడుపుతున్నాడు.

"ఎక్కడున్నావ్? మిల్లు దగ్గరేనా?" అన్నాడు.

"ఆఁ, మిల్లు దగ్గరే," అన్నాను.

"సార్ పోయారు. పొద్దున గుండెల్లో నొప్పంటే ఒంగోలు తీసుకొస్తున్నారంట. దారిలోనే పోయారు."

చదివేవాళ్ళకి ఒక మాట ముందే చెప్పేస్తాను. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. నేను ఆయన కళ్ళని పెద్దవి చేయను, నా కళ్ళని కూడా చేసుకోను. ఆ వార్త వినగానే నాకు ముందు ఏడుపు రాలేదు. ఒక బరువు దిగినట్టనిపించింది. ఇక ఆయనకి చెప్పక్కర్లేదు అనుకున్నాను. ఆ తర్వాత, అలా అనుకున్నది నేనేనని తెలిశాక, బిల్లు పుస్తకం మూసేసి గోడౌన్లోకి వెళ్ళి కూర్చున్నాను.

ఆయనకి చెప్పాల్సిందేమిటంటే, నా కారం మిల్లు మూతపడి అప్పటికి పద్నాలుగు నెలలయింది.

సార్ మా కాలేజీలో కామర్స్ చెప్పేవారు. కామర్స్ చెప్పేవాళ్ళు ఇంకో ముగ్గురున్నారు. ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ అనే కోర్సు చెప్పింది మాత్రం ఆయనొక్కరే. రెండో సంవత్సరంలో మూడు కోర్సుల్లో ఒకటి ఎంచుకోమన్నారు. కంప్యూటర్లకి సీట్లు నిండిపోయాయి. స్పోకెన్ ఇంగ్లీషు సాయంత్రం పూట, మా ఊరి బస్సు అందదు. మిగిలింది ఇది. ఆ పేరు నోరు తిరగడానికే నాకు వారం పట్టింది. చేరినవాళ్ళం పదకొండు మందిమి, అందరం నాలాగే మిగిలిపోయినవాళ్ళం.

పొట్టి మనిషి. చొక్కా జేబులో పెన్ను ఉండేది కాదు, పిల్లల దగ్గర అడిగి తీసుకుని తిరిగి ఇవ్వడం మరిచిపోయేవారు. భుజానికి ఎప్పుడూ ఖాకీ రంగు గుడ్డ సంచి ఒకటి. మొదటి రోజు క్లాసులోకి వచ్చి, బోర్డు మీద ఏమీ రాయకుండా బల్ల అంచున కూర్చున్నారు.

"మీలో అమ్మడమంటే సిగ్గు ఎంతమందికి?" అన్నారు.

ఎవరూ చెయ్యెత్తలేదు. అది కూడా సిగ్గే.

"మాది కొత్తపట్నం దగ్గర సముద్రం ఒడ్డు పాలెం. మా అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళ మీద తిరిగేది. పొద్దు నడినెత్తికొస్తే చేప వాసన మారుద్ది. అప్పుడు మా అమ్మ ఏం చేసేదో తెలుసా? గంప దించేసేది. మిగిలిన చేపకి ఉప్పు పట్టించి ఎండేసుకోడానికి ఇంటికి తిరిగొచ్చేసేది. ఇంకొక్క వీధి తిరిగితే అమ్ముడుపోద్దేమోనని ఏనాడూ ఆశపళ్ళా. గంప ఎత్తుకోడం ఎవరైనా ఎత్తుకుంటారు. దించడం రావాలి."

తర్వాత ఆయన అడిగిన మాటకి మేమందరం నవ్వాం. "మీలో ఒకరిద్దరైనా షాపులు పెడతారు. తెరిచిన రోజు నన్ను పిలవకండి. ఆ రోజు ఎమ్మెల్యే నుంచి ఎదురింటి వాళ్ళ దాకా అందరూ వస్తారు. మూసిన రోజు పిలవండి. ఆ రోజు ఎవరూ రారు. నేనొస్తా. అది మాత్రం మాటివ్వండి."

పదకొండు మందిమీ తలలూపాం. మూయడానికి షాపు ఎవడు పెడతాడు అనుకున్నాం.

ఆయన చెప్పిన పాఠాల్లో పుస్తకంలోవి నాకు ఒక్కటీ గుర్తు లేదు. పరీక్షకి రాశాను, అక్కడే వదిలేశాను. గుర్తున్నది ఆయన మమ్మల్ని అడిగిన ప్రశ్నలు. ఒకసారి ఇంట్లో ఒకలా చేసుకుని, బయట ఇంకోలా కొనుక్కునే వస్తువు ఏదైనా చెప్పమన్నారు. నేను కారం అన్నాను.

"ఇంట్లో కారానికి ఏం చేస్తారు?"

"తొడిమలు తీసి ఆడిస్తాం సార్. మా అమ్మా వాళ్ళూ కూర్చుని ఒక్కో కాయకి తీస్తారు."

"తీయకపోతే?"

"రంగు చచ్చిపోద్ది సార్. గొంతు పట్టుద్ది."

"మరి కొనుక్కునే కారంలో?"

"అందులో తొడిమలతోనే ఆడిస్తారు సార్. అన్ని గోతాలకి ఎవరు తీస్తారు?"

"అదే అడుగుతున్నా. ఎవరు తీస్తారు?" అని, నా వైపే చూస్తూ కూర్చున్నారు. ఆ చూపు నన్ను ఆరేళ్ళు పనిచేయించింది.

డిగ్రీ అయిన మూడేళ్ళకి మా ఊరి నుంచి అద్దంకి వెళ్ళే రోడ్డు మీద ఒక గది అద్దెకు తీసుకుని మర పెట్టాను. మా అమ్మ, ఆమెతో పాటు పొదుపు సంఘంలో ఉన్న ఏడుగురు ఆడవాళ్ళు తొడిమలు తీసేవారు. చేతులు మండకుండా ఆముదం రాసుకుని కూర్చునేవారు. పసుపు రంగు రేకు మీద ఎర్ర అక్షరాలతో బోర్డు రాయించాను. తెరిచిన రోజు సార్‌ని పిలవలేదు. మాట మీద నిలబడ్డాననుకున్నాను.

మొదటి పంట కాయ మా నాన్న పొలంలోదే. దాంతోనే మొదటి దెబ్బ తగిలింది. మా వైపు కల్లంలో మిరపకాయ ఎండాక, గోతాలకి ఎత్తే ముందు కాస్త నీళ్ళు చల్లుతారు. చల్లకుండా గోతంలో వేసి తొక్కితే కాయ పలుకులైపోతుంది, పగిలిన కాయకి మార్కెట్ యార్డులో ధర రాదు. తాతల నాటి నుంచి చేస్తున్న పని. నా మిల్లుకని విడిగా పోసిన కాయ మీద కూడా మా నాన్న అలాగే చల్లాడు. బిందెలోంచి చెంబుతో నీళ్ళు ముంచి అందించింది నేనే. ఆ కాయ ఆడించి కవర్లకెత్తి షాపులకి వేశాం. ఇరవై రోజులకి కవర్లలో కారం గడ్డ కట్టింది, బూజు పట్టింది. ప్రతి షాపు వాడూ పిలిచి కవర్లు ముఖాన కొట్టాడు.

ఎవరు చెప్పారో, సార్ తనంతట తనే బస్సెక్కి వచ్చారు. అప్పటికే మా నాన్న మంచి కోపంలో ఉన్నాడు.

"నీళ్ళు చల్లకుండా ఎవడైనా గోతం తొక్కుతాడా? చదువుకున్నోళ్ళకి కల్లం సంగతి ఏం తెలుసండీ?" అని ఆయన మీదకి లేచాడు.

"మీరు తప్పు చేయలేదండీ," అన్నారు సార్. "కాయ అమ్మే రైతు అదే చేయాలి. కానీ మీ అమ్మాయి కాయ అమ్మట్లేదు కదండీ."

సార్ నా వైపు తిరిగారు. "చెంబు అందించావంటగా. కాయ అమ్మేవాళ్ళ చేత్తో కారం అమ్మావు తల్లీ. ఆ చెయ్యి మార్చుకో." గడ్డకట్టిన కారమంతా గుంట తీసి పూడ్చేదాకా ఉండి, మా అమ్మ పెట్టిన మజ్జిగ తాగి వెళ్ళారు. ఆ ఏడాది నుంచి నా కాయకి నీళ్ళు తగల్లేదు. గోతాలకి తొక్కకుండా డ్రమ్ముల్లో పోయించాను.

సార్ సంచిలో ఏముంటుందో నేను చూసింది మస్తాన్ షాపు మూసిన రోజు. వాళ్ళది తరాలుగా దూది ఏకే కుటుంబం. జిన్నింగు మిల్లుల నుంచి దూది తెచ్చి పరుపులు, దిండ్లు కుట్టే షాపు పెట్టాడు. ఫోము పరుపులొచ్చాక దూది పరుపు అడిగేవాళ్ళు పోయారు. పెళ్ళిళ్ళకి కూడా అవే కొంటున్నారు. రెండేళ్ళు లాగి, మూడో ఏడు సార్‌కి ఫోను చేశాడు. నన్నూ రమ్మన్నాడు.

సార్ పొద్దున పదింటికల్లా వచ్చారు. సంచిలోంచి ఒక స్క్రూడ్రైవరు, చిన్న సీసాలో కొబ్బరినూనె, పాత తువ్వాలు తీశారు. స్టూలెక్కి, బోర్డు నాలుగు మూలలా తుప్పుపట్టిన స్క్రూల మీద రెండేసి చుక్కలు నూనె వేసి దిగిపోయారు.

"తిప్పండి సార్," అన్నాడు మస్తాన్. వాడికి ఆ వీధిలో నిలబడటమే నరకంగా ఉంది. ఎదురు షాపు వాళ్ళు పనులు మానుకుని చూస్తున్నారు.

"నూనె దిగనీరా. తొందరపడితే స్క్రూ తల అరిగిపోద్ది, తర్వాత రేకు చింపాల్సి వస్తది. తెరిచిన రోజు ఎంత మర్యాదగా ఎక్కిందో అంత మర్యాదగా దిగాలి."

అరగంట అలా మెట్ల మీద కూర్చున్నాం, ముగ్గురం. ఆ అరగంట వీధంతా మమ్మల్ని చూసింది. చూసి చూసి వాళ్ళకే విసుగొచ్చి ఎవరి పనుల్లోకి వాళ్ళు పోయారు. అప్పుడు సార్ లేచి స్క్రూలు తిప్పారు. బోర్డు గీత పడకుండా దిగింది. దాన్ని తువ్వాలుతో తుడిచి గోడకి ఆనించారు.

ఆ తర్వాత మస్తాన్ వాళ్ళమ్మ వడ్డించిన భోజనం. దానికీ ఆయన పద్ధతి ఒకటి ఉంది, పెరుగన్నం దాకా వ్యాపారం మాట ఎత్తకూడదు. వానల గురించి, ఎవరి కోడెలో పందెంలో గెలవడం గురించి మాట్లాడారు. పెరుగన్నం కలుపుకుంటూ అడిగారు.

"రేపు పొద్దున ఎన్నింటికి లేస్తావురా?"

"లేచి ఏం చేయాలి సార్?"

"అడిగినదానికి చెప్పు."

మస్తాన్ కంచంలో అన్నం ఒక పక్కకి నెట్టాడు. "ఐదింటికి," అన్నాడు.

"సరే. ఐదింటికి లే."

అంతే. ధైర్యం చెప్పలేదు, ఓటమి విజయానికి మెట్టు లాంటి కబుర్లు చెప్పలేదు. ఆ మాటలంటే ఆయనకి ఒళ్ళుమంట. మస్తాన్ తర్వాత నాతో అన్నాడు, "ఆ రాత్రి చచ్చిపోదామనుకున్నా. కానీ ఐదింటికి లేస్తానని చెప్పానుగా, లేవకపోతే బాగోదని లేచా." నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

బోర్డుని సార్ తన స్కూటరుకి అడ్డంగా కట్టుకుని ఇంటికి తీసుకెళ్ళారు. ఎక్కడ పెడతారా అని నేనొకసారి వెళ్ళి చూశాను. ఇంటి వెనక కోళ్ళ గూడుంది, లోపల మనిషి వంగి నిలబడేంత. దాని గోడలన్నీ మూతపడిన షాపుల బోర్డులే. జిరాక్స్, టిఫిన్లు, మొబైల్ రిపేరు, లేడీస్ టైలరు. మొదటిది ఆయనదే, లెక్చరరు కాకముందు ఒంగోల్లో పెట్టి మూసేసిన పుస్తకాల షాపుది. అక్షరాలు లోపలి వైపుకి తిప్పి బిగించారు. బయట నుంచి చూస్తే ఉత్త రేకులు.

"లోపలికెందుకు తిప్పారు సార్?"

"బయటికుంటే దారిన పోయేవాళ్ళు చదివి నవ్వుతారు. కోళ్ళకి చదువు రాదుగా!" అన్నారు.

ఏళ్ళు గడిచేకొద్దీ ఆ గూటికి రేకులు పెరిగాయి. బయట నడుస్తున్నది నాదొక్కటే మిగిలింది. దాంతో ప్రతి ఏడాదీ కొత్తగా చేరిన పిల్లల్ని బస్సులో ఎక్కించుకుని నా మిల్లుకి తీసుకొచ్చేవారు. పిల్లలు తగ్గిపోతున్నారని, పదిమంది చేరకపోతే కోర్సు తీసేస్తామని కాలేజీ వాళ్ళు అంటున్నారని నాకు తెలుసు. "నిన్ను చూపిస్తే ఇద్దరైనా మానకుండా ఉంటారమ్మాయ్," అనేవారు. నేను వాళ్ళకి ఆడవాళ్ళు తొడిమలు తీయడం చూపించేదాన్ని, డ్రమ్ములెందుకో చెప్పేదాన్ని.

చివరిసారి వచ్చినప్పుడు ఒక పిల్ల అడిగింది. "అక్కా, మీ నాన్నగారిది మిరప పొలం. మీ అమ్మగారికి కారం కొట్టడం వచ్చు. కోర్సు లేకపోయినా మీరు ఈ పని చేసేవాళ్ళేగా. మరి ఆ కోర్సు తీసుకుంటే ఏమొచ్చింది?"

నేను గొప్పగా ఏదో చెప్పాను. ధైర్యం వచ్చింది, మార్కెట్ అర్థమైంది, నలుగురితో మాట్లాడటం వచ్చింది. అప్పటికే రెండు నెలలుగా ఆడవాళ్ళకి సగం రోజులే పని ఇస్తున్నాను. ఆ సంగతి చెప్పలేదు. సార్ ఒక మూల తొడిమల కుప్ప దగ్గర నిలబడి, నన్నే చూస్తున్నారు.

నల్లతామర వచ్చిన ఏడాది పంట పోయి కాయ ధర ఆకాశానికెక్కింది. నేను కొనలేకపోయాను. తర్వాత ధర పడింది. మూడు మండలాల్లో కాయ కల్లాల్లోనే ఉండిపోయింది, ఎవరికి వాళ్ళు ఇంట్లోనే ఆడించుకున్నారు. కాయ చవకైన ఏడాది కారం కొనేవాడెవడు? అద్దంకిలో నా కవర్లు పెట్టే రెండు షాపులు అలమర ఖాళీ చేసి పెద్ద కంపెనీల పొట్లాలు పెట్టుకున్నాయి. మా అమ్మతో ఉన్న ఆడవాళ్ళు పత్తి తీతకి పోవడం మొదలుపెట్టారు. నేను వాళ్ళని ఆపలేదు. ఒక రోజు మర ఆపాను, మర్నాడు వేయలేదు. అది మూయడమని కూడా అనుకోలేదు. గదికి తాళం వేశాను గానీ బోర్డు దించలేదు.

ఆ బోర్డు ఉన్నన్నాళ్ళూ బస్సులో పోయేవాళ్ళకి మిల్లు ఉన్నట్టే. నాకూ ఉన్నట్టే. గంప దించడం రావాలని మొదటి రోజే చెప్పించుకున్నదాన్ని, ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని పద్నాలుగు నెలలు తిరిగాను.

సార్ నెలకోసారి ఫోను చేసేవారు. "మర తిరుగుతోందా అమ్మాయ్?"

"తిరుగుతోంది సార్."

పిల్లల్ని తీసుకొస్తానంటే మోటారు రిపేరులో ఉందన్నాను. ఇంకోసారి అమ్మకి ఒంట్లో బాగోలేదన్నాను. ఏటా ఉగాదికి ఆయనకి రెండు కేజీల కారం పంపే అలవాటు. పోయిన ఉగాదికి అద్దంకిలో ఒక మిల్లులో కారం కొని, నా దగ్గర మిగిలిన పాత కవర్లలో పోసి, అంటించి పంపాను. అబద్ధం అలవాటైతే అదీ ఒక పనే.

ఎందుకు చెప్పలేదని నన్ను నేనే చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. ఆయన నొచ్చుకుంటారని, కోర్సు పోతుందని. ఇవన్నీ నిజమే. కానీ ఇంకో నిజం కూడా ఉంది. మిల్లు మెట్ల మీద, మా ఊరి జనం చూస్తుండగా, నూనె దిగేదాకా అరగంట కూర్చోవడం నా వల్ల కాదనుకున్నాను.

సార్ పోయిన రోజు వాళ్ళింటి ముందు జనంలో నిలబడి, ఒక దండ వేసి వచ్చేశాను. మూడో రోజు మళ్ళీ వెళ్ళాను. సార్ భార్యని మేమందరం అమ్మగారనే పిలుస్తాం. ఆవిడ పెరట్లో కోళ్ళకి నూకలు చల్లుతున్నారు. నన్ను చూసి, "రామ్మా, ఇటు రా," అని గూడు దగ్గరికి తీసుకెళ్ళారు.

తలుపు పక్కన ఒక రేకు పట్టేంత ఖాళీ. దానికి అడ్డంగా గోనెపట్టా పురికొసతో కట్టి ఉంది.

"ఇక్కడున్న పాత తడిక పోయిన వేసవిలో తీసేశారు. ఏదో ఒక రేకు కొట్టించండీ, పిల్లులొస్తన్నాయ్ అని నేను పోరుతూనే ఉన్నా. వద్దు, అది ఆ అమ్మాయిది, వస్తది అన్నారు."

"సార్‌కి తెలుసా అండీ?"

"నువ్వు ఉగాదికి పంపిన కారం వేలితో తీసి నాలిక మీద వేసుకున్నారమ్మా. 'ఇందులో తొడిమ ఉంది' అన్నారు. ఇంకేం మాట్టాళ్ళా. కవరు మూతి కట్టి పెట్టేశారు."

"మరి నన్ను ఒక్క మాట అడగలేదేమండీ?"

"నేనూ అదే అన్నా. వెళ్ళి రండీ, పిల్ల ఏ అవస్థలో ఉందో అని. 'పిలిస్తే వెళ్ళాలి. పిలవకుండా వెళ్తే దొంగని పట్టుకోడానికి వెళ్ళినట్టుంటది' అన్నారు."

ఖాకీ సంచి వంటింటి తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. అమ్మగారు దాన్ని తీసి నా చేతిలో పెట్టారు. స్క్రూడ్రైవరు, తువ్వాలు, సీసా. సీసాలో నూనె తేటగా, కొత్తగా ఉంది.

"నిలవుంటే కంపు కొడతదని రెండుసార్లు మార్చారమ్మా," అన్నారు ఆవిడ.

అప్పుడు ఏడ్చాను. నాకోసమే ఏడ్చాను, ఆయన కోసం అని చెప్పుకోలేను. ప్రతి నెలా "మర తిరుగుతోందా" అని ఆయన అడిగిందల్లా నాకు తలుపు తీయడమే. నేను ప్రతి నెలా లోపల గడియ పెట్టుకున్నాను.

ఆదివారం ఆ సంచి భుజాన వేసుకుని మిల్లు గదికి వెళ్ళాను. వెళ్ళేసరికి షట్టరు ఎత్తి ఉంది. లోపల సిమెంటు బస్తాలు. నేను అద్దె కట్టడం మానేసి చాన్నాళ్ళయింది కాబట్టి ఓనరు ఇంకొకరికి ఇచ్చేశాడు. నా మర ఒక మూలకి నెట్టి ఉంది. పైన బోర్డు లేదు.

"బోర్డేదండీ?" అన్నాను.

"అదా, మొన్న గునపంతో పీకేశారమ్మా మావోళ్ళు. పాత ఇనుము బండికేశాం. నువ్వు రావని అనుకున్నా," అన్నాడు ఓనరు. ఆయన తప్పేమీ లేదు.

గోడకి నాలుగు స్క్రూలు మాత్రం అలాగే ఉన్నాయి. గునపంతో లాగినప్పుడు రేకు చిరిగి, ఒక్కో స్క్రూ కింద అరచేతిలో సగమంత ముక్క మిగిలిపోయింది. స్టూలు అడిగి తెచ్చుకుని, రెండేసి చుక్కలు నూనె వేసి, దిగి మెట్టు మీద కూర్చున్నాను. అరగంట. నేను భయపడినట్టు జనమెవరూ చూడలేదు. రెండు బస్సులు పోయాయి. సిమెంటు దించే కూలీలు నన్ను దాటుకుని తిరిగారు. ఈ అరగంట కోసమా నేను పద్నాలుగు నెలలు దాక్కున్నది అనుకున్నాను. పక్కన మాత్రం ఎవరూ లేరు.

నాలుగు స్క్రూలూ తలలు అరక్కుండా వచ్చాయి.

ఆ కోర్సు తీసుకుంటే ఏమొచ్చిందని అప్పుడు అడిగిన పిల్ల ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు. కనిపిస్తే నిజం చెప్పాలని ఉంది. నాకు వ్యాపారం రాలేదు. ధైర్యమూ రాలేదు, ఉంటే ఫోను చేసి ఉండేదాన్ని. తొడిమ తీసిన కారం ఎలా ఉండాలో వచ్చింది, అది ఇప్పుడు మా ఇంటి వరకే. పడిపోయినప్పుడు పక్కన వచ్చి కూర్చోడానికి ఒక మనిషిని ఆ కోర్సు ముందే ఇచ్చింది. నేను ఆయన్ని వాడుకోలేదు. ఈ ఏడాది కాలేజీ వాళ్ళు ఆ కోర్సు తీసేశారు. చేరతామన్నవాళ్ళు నలుగురేనట, చెప్పేవాళ్ళు అసలే లేరు. ఇక పిలిస్తే వచ్చేవాళ్ళు ఎవరికీ ఉండరు.

ఆ ఆదివారమే సాయంత్రం నాలుగింటికి అమ్మగారింటికి వెళ్ళాను. బోర్డు లేదని చెప్పాను. ఆవిడ పురికొస విప్పి, గోనెపట్టాని గూటి చట్రానికి లాగి పట్టుకున్నారు. నేను నాలుగు మూలలా నాలుగు స్క్రూలు బిగించాను, రేకు ముక్కలు వాటి కిందే ఉంచి. మూడు ముక్కల మీద ఉత్త పసుపు రంగు. నాలుగో దాని మీద ఏదో అక్షరం తాలూకు ఎర్ర గీత, అది ఏ అక్షరమో నాకే గుర్తు రాలేదు. ఆ ముక్కల రంగు లోపలి వైపుకే తిప్పాను.

ఆవిడ బలవంతం చేస్తే భోజనానికి కూర్చున్నాను. పెరుగన్నం కలుపుకుంటూ ఆగాను. తెలియకుండానే ఆగాను. రేపు పొద్దున ఎన్నింటికి లేస్తావని అడుగుతారేమోనని.

ఆవిడకి ఆ ప్రశ్న సంగతి తెలియదు. మజ్జిగ పోయనా అన్నారు.

చెయ్యి కడుక్కోడానికి పెరట్లోకి వెళ్తే పొద్దు వాలుతోంది. కోళ్ళు ఒకటొకటిగా గూట్లోకి దూరుతున్నాయి. గాలికి రేకులు కదల్లేదు. గోనెపట్టా ఒక్కటే ఉబ్బి, మళ్ళీ చట్రానికి అంటుకుపోతోంది.